జాజ్ క్లబ్బులో బరాత్

ఆ రోజుల్లో నాకు జీవితంలో ఒకే కోరిక ఉండేది. కూర్చుని క్లారినెట్ వాయించాలి. పెండ్లి బ్యాండులో పనిచేసినవాడికి తప్ప ఈ కోరికలోని బాధ మరొకరికి తెలియదు. కరీంనగర్‌లో మా నాన్న తమ్ముడు చిన్నబాపు నడిపిన బ్యాండులో అయిదేళ్లు వాయించాను. ఆ అయిదేళ్లూ నడుస్తూనే వాయించాను. బరాత్ ఊరేగింపులో వెనక గుర్రం మీద పెండ్లికొడుకు, ముందు చిందులేసే అతని దోస్తులు, మధ్యలో బురద తొక్కుకుంటూ మేము. (ఏ పెండ్లికి ఎన్ని గంటలు నడిచామో డైరీలో రాసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తే నా మోకాళ్ల నొప్పికి కారణం డాక్టరుకంటే నాకే బాగా తెలుస్తుంది.) చిన్నబాపు కట్టడి ఒకటుండేది. "బరాత్‌ల క్లారినెట్ నోట్లకెల్లి తీస్తే పెండ్లి ఆగినట్టే. నేను చెయ్యి లేపేదాంక ఊదుడే" అనేవాడు. దోస్తులు చప్పట్లు కొడితే మాత్రం పాటను మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాలి.

మా అక్క భర్త దుబాయి పోదామని బొంబాయి వెళ్లి, వీసా రాక, అక్కడే ఒక చిన్న క్లబ్బు వంటింట్లో పనికి కుదిరాడు. ఒకరోజు ఆ బావ దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. తమ క్లబ్బులో రాత్రిపూట జాజ్ అనే సంగీతం వాయిస్తారని, క్లారినెట్ వాయించే ఆయన మానేశాడని, శనివారం రాత్రి కొత్తవాణ్ణి పరీక్షిస్తారని, అక్కడ అందరూ కుర్చీల్లో కూర్చునే వాయిస్తారని రాశాడు. ఆ చివరి మాట కింద గీత గీసుకున్నాను. జాజ్ అంటే ఏమిటో కనుక్కోవాలన్న ఆలోచనే రాలేదు. నేరుగా చిన్నబాపు దగ్గరికి వెళ్లి ఇక సీజనుకు రానని చెప్పేశాను.

"నిజంగనే పోతవారా?" అన్నాడాయన.

"పోత చిన్నబాపూ. గీ నడుసుడు ఇగ నాతోని కాదు."

"సరే. నీ జాగల ఇంకోన్ని వెట్టుకుంట. మల్లొచ్చి నన్ను అడగద్దు మరి."

ఆయన మాటంటే మాటే. అంటే, ఆ కుర్చీ దొరక్కపోతే నాకు ఇక్కడ బురద కూడా మిగలదన్నమాట.

బస్సులో ఒళ్లంతా పులిసిపోయి బొంబాయిలో దిగాను. శనివారం రాత్రి బావ నన్ను ఒక భవనం కిందికి మెట్లు దింపి తీసుకెళ్లాడు. మా ఇంటి వసారాకంటే కొంచెం పెద్ద గది. పది బల్లలు, మసక దీపాలు. వచ్చినవాళ్లు కూడా గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు. ఒక మూల నలుగురు కళాకారులు. ఒకరు పియానో, ఒకరు డ్రమ్ములు, ఒకరు మనిషికంటే ఎత్తయిన తీగల వాయిద్యం, ఒక పెద్దాయన సాక్సాఫోన్. వాళ్ల పక్కన ఖాళీ కుర్చీ, దానిమీద మెత్త. కూర్చుని ముందుగా కాళ్లు చాపుకున్నాను.

వంటింటి గుమ్మంలోంచి బావ ధైర్యం చెప్పాడు. "బామ్మర్దీ, ఏం ఫికర్ చెయ్యకు. అందరు కల్సి మొదలువెడ్తరు. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు వాయించు."

"వంతు అయిపోయినట్టు ఎట్ల తెలుస్తది బావా?"

"గది నాకేం ఎరుక? నేను ఉల్లిగడ్డలు కోసెటోన్ని."

మొదలుపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు వాయించారు. పెద్దాయన నావైపు తల తిప్పాడు. క్లారినెట్ నోట్లో పెట్టుకుని ఊదాను. గొంతు పట్టిన మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. మళ్లీ ఊదాను, మళ్లీ అదే మేకపిల్ల. అప్పుడు అర్థమైంది, అయిదేళ్లుగా నా ఊపిరి ఊపిరితిత్తుల్లోంచి రావడంలేదు, కాళ్లలోంచి వస్తోంది. లేచి నిలబడ్డాను. రెండడుగులు వేశాను. అంతే, ఊపిరి వరదలా వచ్చింది. బల్లల మధ్యకు వెళ్లిపోయాను. నా వంతు అయిపోగానే జనం మెల్లగా చప్పట్లు కొట్టారు. (ఆ సంగీతంలో అది మర్యాద అని తర్వాత తెలిసింది.) నేను పాటను మొదటినుంచి ఎత్తుకున్నాను. ఇంకోసారి కొట్టారు, బహుశా ఇక చాలని కావచ్చు. మళ్లీ ఎత్తుకున్నాను. వెనక నలుగురూ ఒక్కొక్కరే ఆపేశారు. నేను గమనించలేదు. ఒక బల్ల దగ్గర పెండ్లికొడుకులా తెల్ల కోటు వేసుకున్న యువకుడు కనిపించేసరికి నా కాళ్లు వాటంతటవే అక్కడికి పోయి ఆగాయి. పాపం, అతను కుర్చీలో ముడుచుకుపోయాడు. ఎంతసేపు ఊదానో డైరీలో లేదు, 'చాలాసేపు' అని మాత్రమే ఉంది. గంటల లెక్క రాసుకునే నేను అలా రాసింది ఆ ఒక్క రోజే. చివరికి బావ వంటింట్లోంచి వచ్చి, నా ముందు నిలబడి, చెయ్యి పైకి లేపాడు. తక్షణం ఆపేశాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. క్లబ్బు యజమాని, తెల్ల జుట్టు ముసలాయన, బావ దగ్గరికి వచ్చి హిందీలో మెల్లగా ఏదో చెప్పాడు.

"ఏమంటుండు బావా?"

"మంచిగనే అంటుండు."

"సాంతం చెప్పు."

బావ నేలచూపులు చూశాడు. "నీకు దమ్మున్నదట. గంత దమ్ము ఆయన ఎన్నడు సూడలేదట."

"మరి?"

"గా నలుగురు ఏం వాయిస్తుండ్రో ఒక్కసారన్న విన్నవా అని అడుగుతుండు."

వినలేదు. ఆ నలుగురినే కాదు, అయిదేళ్లలో పక్కవాడి వాయిద్యం ఒక్కసారీ వినలేదు.

క్లబ్బు మూసేవరకూ వంటింట్లో బియ్యం బస్తా మీద కూర్చుని విన్నాను. సాక్సాఫోన్ పెద్దాయన మధ్యలో ఆగేవాడు. ఆ ఖాళీలో పియానో ఒక చిన్న మాట అనేది. ఆయన అది విని, దానికి జవాబిచ్చేవాడు. నేను పోగొట్టుకున్నది ఏమిటో పోగొట్టుకున్న తర్వాత, ఒక గోడ ఇవతల కూర్చుని తెలుసుకున్నాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. బావ ఒక పళ్లెం నా ముందుకు తోశాడు.

"గీ ఉల్లిగడ్డలు కొయ్యి. ఎవలన్న సూసినా వీటికే అనుకుంటరు."

తెల్లారేవరకు కోశాను.

తిరిగొచ్చేసరికి చిన్నబాపు అన్నంత పనీ చేశాడు. నా స్థానంలో కొత్తవాడు ఊదుతున్నాడు. ఆయన్ని అడగలేదు. ఉద్యోగ పరీక్ష రాసి, మహారాష్ట్ర అంచున ఉన్న ఆదిలాబాద్‌లో గుమాస్తాగా చేరాను. క్లారినెట్ ట్రంకు పెట్టెలో చేరింది. ముప్ఫై ఏళ్లకు పైగా అది అందులో, నేను ఆఫీసులో, ఇద్దరమూ చడీచప్పుడు లేకుండా గడిపాం.

రిటైరైన తర్వాత దాన్ని బయటికి తీశాను. ఇప్పుడు నాలుగు స్వరాలకే ఊపిరి అయిపోతుంది. ఆగుతాను. ఆ ఆగినప్పుడు కుక్కరు విజిల్ వినిపిస్తుంది, కిందింటివాళ్లు మరాఠీలో పోట్లాడుకోవడం వినిపిస్తుంది. అవి పూర్తి కానిచ్చి మరో నాలుగు స్వరాలు ఊదుతాను. ఆ క్లబ్బు ముసలాయనకు కావలసిన మనిషిగా నేను తయారవడానికి ఇన్నేళ్లు పట్టింది. నిన్న సాయంత్రం వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది, "ఏమయ్యా, వాయిస్తున్నవా, ఊకున్నవా?" అని.

రెండూ అని చెప్పాను.