అన్ని తలుపులకూ ఒకే ఇత్తడి

తలుపులు బిగించకముందు ఇల్లు ఎంత బాగుంటుందో ఎవరూ చెప్పరు. సత్యనారాయణపేటలో మా అత్త కట్టించిన ఇల్లు కొన్ని వారాలపాటు ఒట్టి ద్వారబంధాలతో నిలబడి ఉండింది. వీధిలో నిలబడితే పెరటి గోడ మీది ఎండ కనిపించేది. గాలి ఎవరినీ అడగకుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయేది. తడి సున్నం వాసనలో ఉత్తకాళ్ళతో నడుస్తుంటే, ఎవరో కంటూ కంటూ సగంలో లేచిన కలలో తిరుగుతున్నట్టుండేది. నేను ఆ ఇంటి మూడో కోడలిని. కలలో కూడా బేరమాడే రకాన్ని. ఆ నడకలోనే, మేస్త్రీని గట్టిగా అడిగుంటే ఇంకో కిటికీ కొసరుగా పడేది కదా అనుకునేదాన్ని.

ఆ గుణం పుట్టింటిది. మా నాయనది అదే ఊళ్ళో, బళ్ళారి బజారులో ఇనుప సామాన్ల అంగడి. చిన్నప్పుడు మధ్యాహ్నాలు మేకుల బస్తాల వెనక గోనెపట్టల మీద నిద్రపోయేదాన్ని. తక్కెడ చప్పుడు, నూనె కాగితం వాసన, ధర తగ్గించమని బతిమాలే రైతు గొంతు, అన్నీ కలిసి నిద్రలోకి వచ్చేవి. నాయన తగ్గించేవాడు కాదు. తగ్గించినట్టు మొహం పెట్టేవాడు. పెళ్ళిలో నాకు పెట్టిన సారెలో అరిగిపోనిది ఆ విద్య ఒక్కటే.

తలుపుల సామాను మాట వచ్చేసరికి అత్త పట్టు పట్టింది. పిడులు, గడియలు, బందులు అన్నీ ఇత్తడివే ఉండాలి, అన్నీ ఒకే అచ్చువి కావాలి, తలుపులన్నిటికీ ఒకే వార్నీషు పడాలి. అందం కోసమే అనుకున్నాను.

"ముగ్గురు కోడండ్లుండారు. ఒకదాని తలుపు మెరిస్తే ఇంకొకదాని మొగం మాడుతుంది," అంది అత్త. "నువ్వు అంగడోళ్ళ బిడ్డవి గదా, పద, మీ నాయన అంగట్లోనే తీసుకుందాం. బేరం మాత్రం నువ్వే చెయ్యల్ల. ఏ పక్క నిలబడతావో జూస్తా."

అంగడికి కన్నడ బోర్డు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది గాని, లోపల మాటలు తెలుగువే. నాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "రాండి చెల్లెమ్మా," అని అత్తను పిలిచి, నా వైపు తిరిగి, "కూర్చోండమ్మా," అన్నాడు. నాయన నాకు మర్యాద ఇవ్వడం అదే మొదలు. కాళ్ళ కింద బండ కొంచెం జరిగినట్టయింది.

ఒక పిడి తెచ్చి ముందు పెట్టాడు. మెత్తగా వంపు తిరిగి, చివర తామరమొగ్గ ఉన్న ఇత్తడి పిడి. పైకప్పు సందులోంచి పడిన ఎండలో అది చేపలా కదిలింది. ధర చెప్పాడు.

"ఏంది నాయనా, తలుపుకా, గుడి శిఖరానికా?"

"చేత్తో బరువు జూసి మాట్లాడండమ్మా."

"బరువు జూసే చెప్తాండా. ఇంటికంతా తీసుకుంటాండాం. నీ బిడ్డ గూడ ఆ తలుపుల్లోంచే నడిచేది."

"బేరంలో ఆ మాట తేరాదు," అన్నాడు నాయన, మీసం కింద నవ్వు దాచుకుంటూ. "నీకు నేర్పింది గాదది."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, నన్ను తూకం వేస్తోందో తెలియలేదు. నేను లేచి పోతున్నట్టు నటించాక నాయన దిగివచ్చాడు. గెలిచాను. గెలిచినందుకు ఎవరి మొహం చూడాలో తెలియక, గడియలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

తీరా చూస్తే ఆ అచ్చు పిడులు ఒక తలుపుకు తక్కువ పడ్డాయి. ఉత్తరాది నుంచి వచ్చే సరుకు, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. గృహప్రవేశం దగ్గరికొచ్చేసింది. వేరే అంగడి చూద్దామని అత్త లేవబోయింది.

"గోడౌన్లో ఇంకొకటి ఉండాది చెల్లెమ్మా. అన్నీ కలిపి రేపు ఇంటికే పంపిస్తా," అన్నాడు నాయన.

మరునాడు సామాను వచ్చింది. వడ్రంగి అరుగు మీద గుడ్డ పరిచి, నూనె కాగితాలు విప్పి పిడులన్నీ వరసగా పెట్టాడు. పొద్దుటి ఎండ వాటి మీద పడి, తలుపుల్లేని గదుల్లోకి దూరి, గోడల మీద నీళ్ళలా ఆడింది. ఆ వెలుగు వెంట గది గదికీ నడిచాను. మా పెద్ద తోడికోడలు కూడా చేతిలో పని వదిలి చూడవచ్చింది.

చివరి పొట్లం గోనెగుడ్డలో ఉంది. అత్త విప్పింది. అచ్చు అదే. రంగు మాత్రం పాలిపోయింది, మొగ్గ రేకులు అరిగి నున్నబడ్డాయి.

"ఏందే ఇది? పాతది! కొత్తదాని ధరకు మీ నాయన పాతది అంటగట్టినాడు. చుట్టరికంలో గూడ మోసమేనా?" అంది అత్త.

"అంత తక్కువకడిగితే అట్లనే ఇస్తారు," అంది పెద్ద తోడికోడలు.

పిడిని చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళు వాటంతటవే వంపులో కూర్చున్నాయి. నాయన ఈ అచ్చు సరుకు మొదటిసారి తెప్పించినప్పుడు మా వీధి తలుపుకు బిగించిన పిడి అది. దాన్ని పట్టుకుని వేలాడుతూ తలుపుతో పాటు ఊగేదాన్ని. ఒకసారి ఇంట్లో చీకటి, ఒకసారి వీధిలో వెలుగు దగ్గరికొచ్చి వెనక్కిపోయేవి. ఆ కాసేపూ అరుగు లేదు, అత్త లేదు, నేను ఊగుతూనే ఉన్నాను.

తేరుకున్నాక భయం పట్టుకుంది. నోరు మూసుకుంటే నాయన మోసగాడవుతాడు. ఆ మాట సాయంత్రానికల్లా బజారు చేరుతుంది. అంగడివాడికి పేరు పోతే ఇంకేం మిగలదు. నోరు తెరిస్తే, వియ్యాలవారు వేరే అంగడి మెట్టెక్కకుండా సొంత తలుపు పిడి పీకి పంపాడని తెలిసి నాయన చిన్నబోతాడు.

"గోడౌన్లో సరుకు లేదత్తా," అన్నాను. "ఇది మా ఇంటి తలుపుది. మీరు ఉత్త చేతుల్తో పోగూడదని ఊడదీసి పంపినాడు."

అత్త నా చేతిలోంచి పిడి తీసుకుని అరిగిన రేకులు తడిమింది. "మరి మీ తలుపుకు ఇప్పుడేముండాది?"

"ఏదో తాడు గట్టింటాడు."

"తలుపు పిడి పీకిచ్చినాయన్ని పట్టుకోని మోసమంటిమే," అంది అత్త, పెద్ద తోడికోడలి వైపు చూసి. తర్వాత నా వైపు తిరిగింది. "తీసకపోయి ఇచ్చిరాపో. నా గది తలుపుకు ఇనుప కడియం సాలు. ఈ ఇంట్లో నాతో పోటీ కొచ్చేదెవురు?"

"అమ్మిన సరుకు మా నాయన వాపసు తీసుకోడత్తా."

"అది నువ్వు జూసుకో."

గోనెగుడ్డ చూడగానే నాయన తల తిప్పుకున్నాడు. "వాపసు లేదు."

"వాపసు ఎవురడిగినారు? అమ్మేదానికి తెచ్చినా. కొంటావా?"

నన్ను కాసేపు చూసి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఎన్నడూ ఎరగనట్టు పిడిని అటూ ఇటూ తిప్పాడు.

"పాతది. మొగ్గ అరిగింది."

"అరగలేదు, నునుపు తేలింది. కొత్తదానికి ఈ నునుపు యాడొస్తాది?"

"ఒక పక్క వంగింది."

"ఎవురో ఊగింటారు. కొనేవాళ్ళకు తెలియందా?"

నాయన అద్దాలు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నాడు. "ఏం గావల్ల?"

"దీనికి బదులు ఒక ఇనుప కడియం, మా అత్త గదికి. దాంతో పాటు మరమేకులు."

"కడియం ఇస్తా. మేకులు కుదరవు."

"మేకులు లేకుండా కడియం గోడకు తగిలించుకోవల్లనా?"

గుప్పెడు మేకులు పొట్లం కట్టాడు. కట్టి, నా మొహం చూడకుండా అడిగాడు: "మీ అత్త ఏమనింది?"

"మంచి ఇత్తడి అనింది."

నడిమధ్యాహ్నం అంగడి వదలడం నాయనకు లేని అలవాటు. ఆ రోజు పిడిని చంకలో పెట్టుకుని, నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టి, "వచ్చేదాకా జూసుకోవే. ఎవురికీ తగ్గించాకు," అని ఇంటివైపు నడిచాడు.

బయట బజారు ఎండలో తేలుతోంది. మా పుట్టిల్లు రెండు వీధుల అవతల. పైగా మరమేకు బిగిస్తే చప్పుడేముంటుంది? అయినా చెవి అటే పెట్టుకుని కూర్చున్నాను. రూపనగుడి రైతు ఒకాయన బందుల ధర ఎన్నిసార్లు అడిగాడో, "ఏమ్మా, అమ్మేది ఉండాదా లేదా?" అని గల్లా పెట్టె తట్టేదాకా నాకు వినపడలేదు.