శాక్రిన్ నీళ్ళు

రజాకార్ల భయంతో ఊరొదిలి పొలం గుడిసెలో తలదాచుకున్న రోజులవి. ఇబ్రహీంపట్నం ఎంతో దూరం కాదు, కానీ పోయి రావాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. ఉన్న ఒక్క బర్రెనూ ఎవరో తోలుకుపోయారు, వాళ్ళ చేతులు పడిపోను! అమ్మకు చలిజ్వరం, పాలు ఎండిపోయాయి. ఒళ్ళో నా తమ్ముడు, ఇంకా బోర్లా పడటం కూడా రాని పసిగుడ్డు.

మా వైపు తల్లికి పాలు లేకపోతే చక్కెర నీళ్ళలో గుడ్డ వత్తి ముంచి బిడ్డ చేత చప్పరింపజేస్తారు. అలా ఒకటి రెండు పూటలు నిలబెట్టి, ఈలోగా పాలిచ్చే తల్లిని ఎవరినైనా వెతుక్కుంటారు. మాకు ఆ తల్లీ దొరకలేదు, చక్కెరా దొరకలేదు. బజార్లో చక్కెర అన్న మాటే లేదు. బాపు తెగించి ఇబ్రహీంపట్నం పోయి, చాయ్ హోటల్ మనిషిని బతిమాలి చిన్న పొట్లం తెచ్చాడు. అందులో శాక్రిన్ బిళ్ళలు. కరువు రోజుల్లో హోటళ్ళ చాయ్‌లో అదే తీపి.

"గీ ఒక్క బిళ్ళ చారెడు చక్కెరతోని సమానమట," అన్నాడు బాపు. రాజ్యం గెలిచి వచ్చినట్టుంది ఆయన వాలకం.

"గట్లయితే చారెడు బలం గూడ ఉంటది గద," అంది అమ్మ.

ఎందుకుండదు అనుకున్నాం అందరం. కూలి చేసి అలసినవాడికి బెల్లం ముక్క, బాలింతకు బెల్లం. తీపి ఉన్నచోట బలం ఉన్నట్టే, తరతరాలుగా మా లెక్క అదే. చదువులేని మనుషులని ఎవరైనా ఇకిలిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వత్తి నోట్లో పెడితే తమ్ముడు గుటకలు వేసేవాడు, తీస్తే గుక్కపట్టేవాడు. జొన్నగంజి తేట పోస్తే మాత్రం ఉమ్మేసేవాడు. ఆకలి రుచెరుగదని ఎవడన్నాడో గానీ, వాడు నా తమ్ముణ్ణి చూడలేదు. "తీపి మరిగిండు దొంగ!" అని అమ్మ మురిసిపోయి గంజి మాన్పించింది.

వాడి ఏడుపు సన్నబడింది. నిద్ర ఎక్కువైంది. కడుపు నిండి హాయిగా పడుకుంటున్నాడనుకున్నాం. ఒక పొద్దున వత్తి పెడితే పెదాలు కదలలేదు. యూనియన్ సైన్యం వచ్చింది, ఇక ఫికర్ లేదు అని పక్క చేలవాళ్ళు కేకలు వేసుకుంటూ ఊళ్ళోకి పోతున్నారు. బాపు గట్టు కింద గుంట తవ్వుతున్నాడు.

ఆ తర్వాత అమ్మ ఒకే ఒక్క మాట పట్టుకుని బతికింది. "గరీబోళ్ళమైనా నా కొడుకును పస్తు పెట్టలే. కడుపు నిండ తాగి పోయిండు." ఎవరింట పసిబిడ్డ పోయినా వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని ఈ మాటే చెప్పేది.

ముసలితనంలో అమ్మకు షుగర్ వచ్చింది. చాయ్‌లో చక్కెర మానమంటే మానదు, రోజూ మా ఇద్దరికీ కొట్లాట. చివరికి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ వయసులో చిన్నది, మంచి పిల్ల. బిళ్ళల డబ్బీ ఒకటి తీసి చూపించింది.

"చక్కెర బదులు గీ శాక్రిన్ ఏసుకో అమ్మమ్మా. చక్కెర అయితే రక్తంల కలిసి బలమైతది, నీకు గదే ఎక్కువైంది. ఇది నోటికి తీపి, గంతే. ఒంటికి ఏం అందదు."

అమ్మ ముందుకు వంగింది.

"ఏం అందదా బిడ్డా? జర గూడ?"

"ఏం అందదు, నువ్వు భయపడకు," అని ఆ పిల్ల భరోసాగా నవ్వింది.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అయితే నా కొడుకు ఆకలికే పోయిండా? గంజి ఉండె గద. నేనెందుకు మాన్పిస్తి?"

నోటి దురుసుదానినని ఊరంతా పేరు పెట్టిన నేను ఏడుపు ఆపుకుని, "అప్పటి బిళ్ళలు వేరే అమ్మా," అన్నాను.

నేను అబద్ధమాడితే అమ్మకు ఇట్టే తెలిసిపోతుంది. "అవ్ బిడ్డా, వేరేవే," అంటూ కొంగుతో నా కళ్ళు తుడిచింది. బతికినన్నాళ్ళూ మళ్ళీ తమ్ముడి ఊసెత్తలేదు.