చూపు తగ్గిందన్నారు

మా గుమాస్తా గారు పోయారు. కబురు తెచ్చింది నూలు కోసం వచ్చిన ఒక నేతగాడు. సంచీ కింద పెట్టకుండానే, "మన పాత గుమాస్తా గారు నిన్న పొద్దున పోయారండీ. తమకి తెలిసే ఉంటుందనుకున్నా" అన్నాడు. నాకు తెలియదు. మా కొట్టుకీ ఆయన ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క కాలవ వంతెన.

బెజవాడ గవర్నరుపేటలో మా నాన్న నూలు కొట్టు పెట్టిన ఏడాది నుంచీ లెక్కలు ఆయనవే. వస్తూనే చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా పుస్తకం ముట్టుకునేవారు కాదు. నేతగాళ్లు వస్తే ముందు మగ్గం సంగతి, తర్వాత పిల్లల సంగతి అడిగి, అప్పుడు పేరు రాసుకునేవారు. "పేరు రాశామంటే మనిషిని పిలిచినట్టే చిన్నబాబూ. పిలిచి వట్టి చేతులతో పంపకూడదు" అనేవారు.

నాన్న పోయాక కొట్టు నా చేతికొచ్చింది. అవి యుద్ధం రోజులు. నూలుకి సర్కారు కంట్రోలు. నేతగాళ్ల వంతుకి వచ్చిన కట్టల్ని మా కొట్టు ద్వారా వాళ్లకి పంచాలి. అందులో ఆరు కట్టలు నేను బయట ఎక్కువ ధరకి అమ్మేశాను. అవి నేతగాళ్లకే ఇచ్చినట్టు పేర్లు రాయమని గుమాస్తా గారికి చెప్పాను.

ఆయన కలం పక్కన పెట్టేశారు. "అది నా చేత కాదు చిన్నబాబూ."

"ఎంత పనండీ? ఆరు పేర్లు."

"ఆ ఆరిళ్లలో మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. రాయలేను."

మా బావ ఆ వారమంతా నా చెవిలో పోరుతూనే ఉన్నాడు: "మాట వినని గుమాస్తా ఎందుకురా? మాన్పించెయ్." నాకూ మాన్పించాలనే ఉంది. తీరా పొద్దున ఆయన మెట్లెక్కి వస్తుంటే నోరు పెగిలేది కాదు. నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆయనే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వారం గడిపేశాను.

అంతలో కంట్రోలు ఆఫీసరు వచ్చాడు. పుస్తకం చూశాడు, సరుకు లెక్కపెట్టించాడు. "ఆరు కట్టలు తక్కువున్నాయి. ఏమయ్యాయి?" అన్నాడు.

గుమాస్తా గారు లేచి నిలబడ్డారు. "అయ్యా, తప్పు నాది. చూపు తగ్గింది. ఎవరికిచ్చానో రాసుకోలేకపోయాను. చిన్నబాబుకి ఏమీ తెలియదు."

అంతకు గంట ముందే, వీధి చివర వస్తున్న మనిషిని నడకబట్టి పోల్చి పేరు చెప్పిన మనిషి ఆయన. అప్పుడు కూడా ఏ నేతగాడి పేరూ ఆయన నోట రాలేదు.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఇలాంటివాణ్ణి పెట్టుకుంటే మీ లైసెన్సు పోతుంది. ఏం చేస్తారు?"

నిజం చెప్పడానికి నాకు వ్యవధి ఉంది. గుమాస్తా గారు నేల చూస్తున్నారు. "రేపటి నుంచి రావద్దండి" అన్నాను. వారం పాటు గొంతులో ఆగిన మాట ఎంత సులువుగా వచ్చేసిందో! "అలాగే బాబూ" అని ఆయన చెప్పులేసుకుని మెట్లు దిగారు.

చూపులేని గుమాస్తాని పేటలో ఇంకెవరూ పెట్టుకోలేదు. పిల్లలకి నోటితో ఎక్కాలు చెప్పి బతికారు. మా అమ్మ బియ్యం పంపితే తీసుకున్నారు. నేను పంపినవి తిరిగొచ్చాయి.

వీధిలో ఎదురైతే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరూ?" అనేవారు.

"నేనండీ."

"ఓ, చిన్నబాబా! బాగున్నావా?"

ఆడిన అబద్ధాన్ని నా కోసం కాపాడుతున్నారో, నా మొహం చూడదలచుకోలేదో నాకు ఎప్పటికీ తెలియలేదు. యుద్ధం అయిపోయింది. ఆఫీసరు బదిలీ అయిపోయాడు. అప్పుడైనా నలుగురిలో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. కొట్టు తెరిచే వేళ మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడు వినిపించేది. తలెత్తితే ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పటికీ అంతే.

ఇప్పుడు చెబుతున్నాను. ఆయన చూపు తగ్గలేదు. ఆ కట్టలు అమ్మింది నేను.

పన్నెండో రోజు దాటాక వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని చిరిగిన బొంత కుడుతున్నారు. "రండి బాబూ" అన్నారు. కొత్త దారం తెంపుకుంటూ, "చూపు లేదని ఊరంతా అనుకుంది గానీ, మొన్న మొన్నటిదాకా నాకు సూదిలో దారం ఎక్కించి పెట్టింది ఆయనేనండీ" అన్నారు. ఆవిడకి ఎంత తెలుసో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

దారం కొస తడిపి, సూదిని ఎండకెత్తి పట్టుకున్నారు. దారం పక్కకి పోయింది. మళ్లీ తడిపారు. మళ్లీ పోయింది. నేను చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు. ఎండ వైపు ఇంకాస్త తిరిగి, కళ్లు చికిలించి, ఆ చిన్న బెజ్జం కోసం వెతుక్కుంటూ ఉండిపోయారు.