ఎర్ర చుక్క పెట్టిన గ్లాసు

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం, బడిలో పాఠం చెబుతుండగా నాన్న ఫోన్ చేసి "అక్క వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. నేను అమలాపురంలో బస్సు మారి, మామిడికుదురు దాటి మా ఊరు చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసేశారు. లోపల అద్దాల పెట్టెలో అత్తయ్య, చుట్టూ ఊరు ఊరంతా. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, ఒళ్ళుమంట. ఇంతమంది ఆమెకు ఇంత దగ్గరగా కూర్చోవడం నేను చూసి చాలా ఏళ్ళయింది.

కాలేయం జబ్బుతో పోయింది. హెపటైటిస్ బి అనే వైరస్ ఆమె ఒంట్లో చప్పుడు లేకుండా కాపురం చేసి, కాలేయాన్ని గట్టిపరిచి, చివరికి కాన్సరుగా బయటపడింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. అత్తయ్య గురించి మంచి చెప్పడానికి నాకు కొదవ లేదు. కానీ మా చెడు చెప్పకుండా ఆమె మంచి చెప్పడం కుదిరే పని కాదు. అందుకని రెండూ చెబుతాను.

ఆమె ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. భర్త చిన్నవయసులోనే పోతే, పిల్లలు లేకపోతే, తమ్ముడి ఇంటికి వచ్చేసింది. వీధివైపు గది ఆమెది. బడి నుంచి రాగానే చేతికంటిన సుద్ద దులుపుకోకుండానే నా బుగ్గ పట్టుకునేది. నేను సాయంత్రాలు తెల్ల బుగ్గతో తిరిగేదాన్ని. పెరుగన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, కళ్ళంట నీళ్ళు కారుతుంటే "ఏడవట్లేదే, భోంచేస్తున్నాను" అనేది.

ఆమె తండ్రి, అంటే మా తాత, ఒక కామందుగారి దగ్గర పాలేరు. ఆ ఇంటి పశువులపాక చూరులో తాత కోసం ఒక గ్లాసు దోపి ఉండేదట. దాహమేస్తే అది తీసి పట్టుకుంటే పైనుంచి నీళ్ళు పోసేవారు. తాగి, కడిగి, మళ్ళీ చూరులో దోపాలి. తండ్రికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళే రోజుల్లో అత్తయ్య అది చూసింది. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో రాజోలు వెళ్ళి స్టీలు గ్లాసులు కొన్నది. కొట్టతను "పేరు కొట్టమంటారా అండీ?" అని అడిగితే, "వద్దండీ. మా ఇంట్లో ఏ గ్లాసూ ఒకరిది కాదండి" అన్నదట. ఈ సంగతి మాకు ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా ఏదో గెలిచినట్టు నవ్వేది.

నేను కాకినాడలో చదువుకుంటున్నప్పుడు అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. రక్తం ఎక్కించాలన్నారు. చుట్టాల్లో మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే అత్తయ్య కొంగు దోపుకుని లేచింది. "నాది ఇస్తానండీ. ఊరికే ఉంది" అన్నది. ముందు పరీక్షకు కాస్త తీసుకున్నారు. కాసేపటికి ల్యాబతను వరండాలోకి వచ్చి, అందరూ ఉండగానే, "ఈవిడ రక్తం పనికిరాదండీ. హెపటైటిస్ బి ఉందండి. ఇంట్లో జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మావైపు కాలేయం జబ్బంటే కామెర్లే, కామెర్లంటే పచ్చబడిన కళ్ళే. కళ్ళు పచ్చబడితే ఆకు పసరు తాగిస్తారు, ఉప్పూ నూనే లేని పత్యం పెడతారు. కళ్ళు తెల్లబడితే జబ్బు దిగిపోయినట్టే. మా నాయనమ్మకు అలాగే పసరు పోయించి, కళ్ళు తెల్లబడ్డాయని కోడిపులుసు వండి పెట్టారట. కొన్నేళ్ళకు ఆవిడ కడుపు ఉబ్బి చనిపోయింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు వరండాలో అందరూ అత్తయ్య కళ్ళలోకి తొంగిచూశారు. తెల్లగా ఉన్నాయి. అయితే ఇది కనపడని కామెర్లు, కనపడేదానికన్నా ప్రమాదం అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు.

అమ్మ ఇంటికి వచ్చి, ఇంకా సరిగ్గా నడవలేని రోజుల్లోనే, నా గోళ్ళరంగు సీసా తీసి ఒక గ్లాసు అడుగున ఎర్ర చుక్క పెట్టింది.

"పిల్లలు తిరిగే ఇల్లు కదండీ వదినగారూ. ఏమీ అనుకోకండి."

అత్తయ్య గ్లాసు తిరగేసి చూసింది. "ఆయ్. రంగు బాగుందమ్మాయ్" అన్నది.

ఎవరికి రక్తం ఇవ్వబోయి ఆ జబ్బు బయటపెట్టుకుందో ఆవిడ చేతే ఆ చుక్క పడింది. అమ్మ చెడ్డమనిషి కాదు, భయస్తురాలు. ఆ తేడా వల్ల అత్తయ్యకు ఒరిగిందేమీ లేదు. సెలవులకు వచ్చిన నాకు ఆ గ్లాసు చూపించి, "మా నాన్నది కామందుగారి చూరులో ఉండేదే. నాది సొంతింట్లో స్టాండులో ఉంది. ఎదిగేం కదే" అన్నది.

కాకినాడలో పెద్ద డాక్టరమ్మకు చూపించడానికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఇది రక్తం వల్ల, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి పొడిస్తే, మొగుడూ పెళ్ళాల మధ్య, కనేటప్పుడు తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. గ్లాసు వల్ల రాదు, కంచం వల్ల రాదు, పక్కన కూర్చుంటే రాదు. "మీ అమ్మగారి నుంచే వచ్చుంటుందండీ. తోబుట్టువులుంటే పరీక్ష చేయించండి. పిల్లలకు టీకా వేయించండి" అన్నది. ఈ వైరస్‌కు చుట్టాలున్నాయనీ, కొన్నిరకాల ఉడతలకూ గబ్బిలాలకూ వాటి కాలేయాల్లో వాటి రకం ఉంటుందనీ కూడా చెప్పింది. అత్తయ్యకు అది తెగ నచ్చింది. ఇంటికొచ్చాక కొబ్బరిచెట్టు మీద ఉడతలు కనిపిస్తే చాలు, "అవి గ్లాసులు వేరు పెట్టుకుంటాయేమో చూడవే" అనేది.

డాక్టరమ్మ మాటలు అమ్మకు చెబితే, "డాక్టర్లు అలాగే అంటారే" అన్నది.

అత్తయ్య మాత్రం నాన్న వెంటపడింది. ఆయన రేపంటే ఆవిడ ఇవాళ అనేది. అన్నం ముందు నుంచి లేవదీసినంత పని చేసి పరీక్షకు తీసుకెళ్ళింది. నాన్నకూ ఉంది. కాలేయం ఇంకా చెడలేదనీ, రోజూ మాత్ర వేసుకుంటే నిలబడొచ్చనీ అన్నారు. అత్తయ్యకు అప్పటికే ఆలస్యమైపోయింది.

అమ్మ ఏడ్చి, అత్తయ్య చేతులు పట్టుకుంది. "ఇది గడప దాటనివ్వకండి వదినగారూ. ఆయన మందిరంలో సంఘ పెద్ద కదండీ."

"ఆయ్" అన్నది అత్తయ్య.

ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు, ఒకే జబ్బు, ఒకే మాత్ర. "నాన్న గ్లాసుకు చుక్క ఏదమ్మా?" అని అడిగాను. "ఆయన మాత్ర వేసుకుంటున్నారు కదే" అన్నది అమ్మ. "అత్తయ్యా వేసుకుంటోంది కదా" అంటే, పొయ్యి మీద అన్నం మాడుతోందని లేచి వెళ్ళిపోయింది.

మేం వెళ్ళే క్రైస్తవ మందిరంలో ప్రతి ఆదివారం రొట్టె విరిచాక ద్రాక్షరసం ఒకే పాత్రలో అందరికీ తిరుగుతుంది. పెద్దలు మొదట తాగుతారు, తరువాత మగవాళ్ళు, తరువాత ముసుగులేసుకున్న ఆడవాళ్ళు. అత్తయ్య జబ్బు కబురు ఊరంతా పాకాక మందిరం పెద్దల్లో ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి, నెమ్మదిగా అన్నారు. "అక్కగారూ, మీరింకనుంచి చివరి కుర్చీలో కూర్చుని, అందరూ అయ్యాక తీసుకోండి. అందరి మనసులూ కుదుటగా ఉంటాయండి."

నాన్న అక్కడే ఉన్నారు. నేల చూస్తూ కూర్చున్నారు. ఆ తరువాత ఆదివారం కూడా పాత్ర మొదట అందుకున్నది నాన్నే. ఆయన నుంచి చివరి కుర్చీ దాకా అందరూ తాగారు, చివర అత్తయ్య తాగింది. నాన్న సంగతి ఎందుకు చెప్పవని అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. "చెబితే ఏమవుద్దే? వాడి గ్లాసుకీ చుక్క పెడతారు. ఇంటికి ఒక చుక్క చాలు" అన్నది. మళ్ళీ తనే, "కామెర్లొచ్చినోడికి లోకమంతా పచ్చగా కనపడుద్దంటారు. నాకు లోకం మామూలుగానే ఉందే. లోకానికే నేను పచ్చగా కనపడుతున్నాను" అన్నది.

చివరి నెలల్లో కళ్ళు నిజంగానే పచ్చబడ్డాయి. అద్దంలో చూసుకుని, "ఇప్పుడు నమ్ముతారులే" అన్నది.

సమాధుల దొడ్డిలో పెట్టి వచ్చాక, మమ్మల్ని ఓదార్చడానికి ఇంటి ముందు షామియానా కింద పెట్టిన ఆదరణ కూడికలో అదే పెద్దాయన అత్తయ్య ఓర్పును గురించి చాలాసేపు మాట్లాడారు. నాన్న మధ్యలో లేచి లోపలికి వెళ్ళారు. చుక్క గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి, జేబులోంచి మాత్ర తీసి, అందరి ముందూ వేసుకుని తాగారు.

"మా అక్కకున్న జబ్బే నాకూ ఉందండి. అప్పట్నుంచీ ఉంది. ఆవిడ చివర తాగింది, నేను మొదట తాగేను. మీకెవరికీ ఏమీ కాలేదండి." గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

పెద్దాయన గొంతు సవరించుకుని, "అయ్యో, దానికేముందండీ. మీరు మందులు వాడుతున్నారు కదండీ. ప్రభువే చూసుకుంటారు లెండి" అన్నారు.

ఆదివారం మందిరానికి వెళ్ళాను. ఏం చేస్తారో చూడాలనే వెళ్ళాను. పాత్ర నాన్న చేతికే మొదట ఇవ్వబోయారు. ఆయన వద్దని చివరికి వెళ్ళబోతే పట్టుకుని కూర్చోబెట్టి మరీ ఇచ్చారు. ఆయన తాగారు. తరువాత అందరూ తాగారు. ఒక్కరైనా అంచు తుడుస్తారేమోనని చూశాను, ఎవరూ తుడవలేదు. జబ్బంటే భయమే అయితే ఆ రోజు పాత్ర మొదటి వరస దాటకూడదు. మొగుడూ పిల్లలూ లేని ఆడమనిషిని చివరి కుర్చీకి పంపడానికి ఏదో ఒక వంక కావాలి, అత్తయ్య రక్తంలో వాళ్ళకు అది దొరికింది. ఆమెను గౌరవిస్తున్నామనుకుని కాబోలు, ఆ చివరి కుర్చీని ఖాళీగా ఉంచారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో కూర్చుని బ్లేడుతో గ్లాసు అడుగు గీకుతోంది. కడిగి మిగతావాటితో పాటు స్టాండులో పెట్టేసింది. పేర్లు లేని గ్లాసులు కదా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా నీళ్ళు తాగి గ్లాసు తిరగేసి చూస్తాను. నిన్న ఒకదాని అడుగున, అంచు మడతలో, బ్లేడు అందనిచోట ఎర్రగా వెంట్రుకంత కనిపించింది. అంతకుముందే అమ్మ దాంట్లో ఆ పెద్దాయనకు మజ్జిగ ఇచ్చింది. ఆయన గుటకలు వేస్తూ తాగి, ఇంకొంచెం పొయ్యమన్నారు.