నేలమాళిగ బడిలో పుట్టినరోజు

మొన్న శనివారం, అమెరికాలో మేముండే ఊరు క్యారీలో, మా అమ్మాయి పుట్టినరోజు. మావారు స్టూలెక్కి క్లబ్‌హౌస్ పైకప్పుకి పెద్ద బెలూన్ వేలాడదీసి, "ఏమోయ్, పిన్ను ఏదీ?" అని కేకేశారు. బెలూన్‌లో చాక్లెట్లు, మెరుపు కాగితాలు కూరి, కేకు కోసే వేళకి పిల్ల నెత్తిమీద ఠప్పుమనిపించడం మా తెలుగువాళ్ల ముచ్చట. అది పేలకపోతే కొందరికి కేకు తిన్నట్టే ఉండదు. నేను మాత్రం ఆ కేక వినగానే పిన్నుల డబ్బా హ్యాండ్‌బ్యాగ్‌లో దాచేశాను.

మూడేళ్ల కిందట మా తెలుగు చర్చి తరఫున నలుగురం ఉక్రెయిన్‌లో ఒక బడికి స్కూల్ బ్యాగులు పట్టుకెళ్లాం. "గ్రీన్‌కార్డ్ వచ్చి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే యుద్ధంలోకి బయల్దేరావా?" అని మావారు ఎయిర్‌పోర్ట్ దాకా సణుగుతూనే డ్రైవ్ చేశారు. నేనేదో ధైర్యవంతురాలినని కాదు. ఎవరొస్తారని అడిగితే చర్చిలో అందరిముందూ చెయ్యెత్తేశాను, దించడానికి మొహం చెల్లలేదు. పోలండ్ నుంచి రైల్లో వెళ్తున్నంతసేపూ తిరుగు టికెట్ తేదీ చూసుకుంటూనే ఉన్నాను. బడి ఒక పాత భవనం కింద నేలమాళిగలో ఉంది. తడి సున్నం వాసన, ట్యూబ్‌లైట్ల రొద, గోడనిండా పిల్లలు వేసిన పొద్దుతిరుగుడు పూలు. మెట్ల మీద ఏ అడుగు చప్పుడైనా పిల్లల తలలన్నీ అటు తిరిగేవి, మళ్లీ పుస్తకాల్లోకి వంగేవి.

టీచరమ్మ వచ్చీరాని ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ ముందు వరసలో ఒక పిల్లని చూపించింది. వాళ్ల వీధిలో బాంబు పడ్డాక రెండు నెలలు గుమ్మం దాటలేదట. ఈ వారమే బడికి రావడం మొదలుపెట్టిందట. ఆ రోజే ఏడో పుట్టినరోజట. "మళ్లీ మానేస్తే ఇక నేను తీసుకురాలేను," అంది. మా అమ్మాయిదీ అప్పుడు అదే వయసు. నాకు జాలి పొంగుకొచ్చింది, జాలి పొంగితే నాకు బుర్ర పనిచెయ్యదు. క్యారీ నుంచి తెచ్చిన సామాన్లలో బెలూన్లున్నాయి. టీచరమ్మ ప్లేట్ల కోసం పక్కగదికి వెళ్లింది. మాతో వచ్చిన పాస్టర్‌గారు, మేం అయ్యగారనే పిలుస్తాం, చాక్లెట్లు కూరిన బెలూన్ ఊది ఆ పిల్ల నెత్తిమీదకి ఎత్తిపట్టుకుని, "కానివ్వమ్మా," అన్నారు. ఇద్దరికీ మన పుట్టినరోజులే గుర్తున్నాయి గానీ ఉన్న చోటు గుర్తులేదు. పిల్ల తలెత్తి చూస్తోంది. పిన్ను గుచ్చాను.

ఆ ఇరుకు గదిలో ఆ చప్పుడు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఒక్క పిల్లా అరవలేదు. అరిచినా బాగుండేది. రెప్పపాటులో అందరూ బల్లల కిందకి వెళ్లిపోయారు. చాక్లెట్లు నేలమీద దొర్లుతున్నాయి, నేను పిన్ను పట్టుకుని కొయ్యబారిపోయాను. అంతలో ఎవరో నా చెయ్యి పట్టి లాగారు. పుట్టినరోజు పిల్ల! నన్ను బల్ల కిందకి లాక్కుని, నా తల వంచి, అరచెయ్యి నా నెత్తిమీద గట్టిగా అదిమిపెట్టింది. ఏమీ తెలియని పెద్దమనిషికి నేర్పుతున్నట్టు. సిగ్గుతో చచ్చిపోయాను. టీచరమ్మ పరుగున వచ్చి, నా చేతిలో పిన్ను చూసి, చాక్లెట్లు ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు పదింటికి మా బస్సు. ఎనిమిదింటికే బడి మెట్ల దగ్గర నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఆ పిల్ల లేదు. తొమ్మిదయింది. "ప్రార్థన చేద్దాం తల్లీ," అన్నారు అయ్యగారు. కళ్లు మూసుకుంటే ఎక్కడ రాకుండా పోతుందోనని మూసుకోలేదు. బస్సు హారన్ కొట్టాక, మలుపులో తల్లి చెయ్యి పట్టుకుని కనిపించింది. నా ముందుకొచ్చి ఆగి, నా చేతుల వైపు చూసింది. రెండు అరచేతులూ చాపి చూపించాను. ఏమీ లేదని నమ్మకం కుదిరాక మెట్లు దిగింది.

మొన్న క్లబ్‌హౌస్‌లో బెలూన్ దింపించి, ముడి విప్పి, గాలి మెల్లగా వదిలేశాను. "అమ్మా, అలా కాదు, పాప్ చెయ్యాలి!" అని మా అమ్మాయి మూతి ముడిచింది. "వద్దమ్మా," అంటూ చాక్లెట్లు దాని దోసిట్లో పోశాను. దీనికి పదేళ్లు నిండాయి. ఆ పిల్లకీ పదేళ్లే ఉంటాయి. నా నెత్తిమీది చెయ్యి మాత్రం ఇంకా ఏడేళ్లదే.