ఎవరొచ్చినా అమ్మా అనాలి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది తెనాలిలో ఒక ట్రస్టు నడిపే పిల్లల ఆశ్రయ గృహంలో నన్ను హౌస్ మదర్‌గా వేశారు. ఆయాకు పైన, సూపరింటెండెంటుకు కింద ఉండే ఉద్యోగం. అంతకు ముందు ఆయానే. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని పరీక్ష కట్టాకే ఆ మెట్టు ఎక్కాను. ఇంట్లో ఉండే వీలు లేని పిల్లలను జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద మా దగ్గర ఉంచేవారు. కొంతకాలం సాకే కుటుంబం కుదిరితే అక్కడికి పంపేవారు. ఇది దత్తత కాదు. కన్నవాళ్లు కోలుకుంటే పిల్ల తిరిగి వాళ్ల దగ్గరికే పోతుంది.

ఈ సంగతి మా సూపరింటెండెంటుకు బాగా తెలుసు. అయినా చూడ్డానికి ఎవరొచ్చినా అమ్మా, నాన్నా అని పిలవాలని పిల్లలకు నేర్పించేది. వచ్చినవాళ్ల మనసు కరుగుతుందట, మంచం త్వరగా ఖాళీ అవుతుందట. సంతలో పశువు పళ్లు చూపించడానికీ దీనికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మల్లికకు ఆరేళ్లు. తల్లి లారీ ప్రమాదంలో నడుం విరిగి గుంటూరు ఆసుపత్రిలో ఉంది. బాపట్ల నుంచి వచ్చిన దంపతులను మల్లిక నేర్పినట్టే పిలిచి, భార్య కొంగు పట్టుకుంది. వాళ్లు ఇంకా చిన్నపిల్ల కావాలని వెళ్లిపోయారు. ఆ అమ్మ మళ్లీ ఎప్పుడొస్తుందని పిల్ల గేటు దగ్గరే కూర్చునేది. నాకు ఒళ్లు మండింది. ఈ నేర్పుడు మానండి మేడమ్ అని సూపరింటెండెంటుతో అన్నాను. నీ పని అన్నం పెట్టడం, జడలు వేయడం అంది.

తర్వాత రేపల్లె నుంచి ఎండుచేపలు అమ్ముకునే నాగమణి, ఆమె భర్త వచ్చారు. వాళ్ల ఇంటి విచారణ పూర్తయింది. పిల్ల ఇష్టం తెలుసుకోవడమే మిగిలింది. ఈసారి మల్లిక అమ్మా అని పిలవలేదు. సూపరింటెండెంటు వెనకనుంచి వేలితో వీపులో పొడిచింది.

"మా అమ్మ ఉందండి," అంది మల్లిక.

ఇది మొండిదండి, ఇంకొకరిని చూపిస్తానంది సూపరింటెండెంటు. నేను అడ్డుపడి, పిల్ల చెప్పింది నిజమేనని, తల్లి బతికే ఉందని చెప్పాను. నాగమణి పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఉంటే మంచిదేగా. నన్ను అమ్మంటే రేపు మీ అమ్మొచ్చి నా జుట్టు పట్టుకుంటది. పిన్నీ అను. అదీ వద్దంటే ఏమేవ్ అను, మా ఆయన అట్టాగే పిలుస్తాడు."

"మీ ఇంటికొస్తే మా అమ్మకి తెలుస్తదా?"

"ఆదివారం ఆసుపత్రికెళ్దాం. నువ్వే చెబుదువుగాని."

మల్లిక వాళ్లతో వెళ్లింది. చాలాకాలం ఏ వరసా కలపకుండా, "ఇదిగోండి" అనే పిలిచేదట. మా గృహంలో ఆ నేర్పుడు మాత్రం నేను రిటైరయ్యే నాటికీ ఆగలేదు.

ఆశ్రయమిచ్చే చోటు కూడు పెట్టాలి, పక్క వేయాలి, వైద్యం చేయించాలి. ఎవరిని ఏమని పిలవాలో పిల్లకు వదిలేయాలి. పక్క వేసినందుకు బదులుగా ఆ పిలుపు గుంజుకుంటే అది ఆశ్రయం కాదు, బేరం.