మెకానిక్ మళ్లీ రాకూడదని

భద్రాచలంలో బస్సు కండక్టరుగా చేసే దేవ్లాకు ఫ్రిజ్ మెకానిక్ రాజేష్ అంటే గిట్టదు. మనిషి చెడ్డవాడని కాదు. అతను వచ్చినప్పుడల్లా దేవ్లా భార్య కళ్యాణి నవ్వుతుంది, అదీ బాధ. రాజేష్, కళ్యాణి ఇద్దరూ పెనుబల్లి దగ్గర ఒకే తండాలో పుట్టినవాళ్లు. ఫ్రిజ్ వెనక కూర్చుని అతను తండా మాటలో, అంటే లంబాడీలో, ఏదో అంటాడు, ఆమె టీ గ్లాసు చేతిలో ఒలికేలా నవ్వుతుంది. తనతో అలా నవ్వి ఎన్నాళ్లయిందో దేవ్లాకు గుర్తు లేదు.

ఆ ఎండాకాలం ఫ్రిజ్ మళ్లీ మొరాయించింది. ఫ్రీజర్ నిండా మంచు పేరుకుంది. కింద పాలు విరిగాయి. కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలిచాయి.

"రాజేష్‌కు ఫోన్ చేస్త" అంది కళ్యాణి.

"వద్దు. నేనే జూస్త."

"నీకేం తెల్సు?"

"ఏంది, ఆయనకొక్కనికేనా చేతులున్నయి?"

సెలవు రోజు కావడంతో ఫోన్లో వీడియోలు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు కత్తితో మంచు గీకబోయాడు. లోపలి గొట్టానికి చిల్లు పడితే గ్యాసంతా పోతుందని వీడియోలో విన్నాడు. అదే జరిగితే రాజేష్‌ను పిలవక తప్పదు. కత్తి పక్కన పెట్టేశాడు. ప్లగ్గు పీకి, తలుపు బార్లా తెరిచి, కింద పాత చీర పరిచి, మంచు దానంతటది కరిగేదాకా కాపలా కూర్చున్నాడు.

మంచు పోయాక కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తలుపు రబ్బరుకు ఎండిన పచ్చడి అంటుకుని ఉంది. కాగితం పెట్టి తలుపు మూసి లాగితే ఇట్టే జారి వచ్చింది. ఆ సందులోంచి దూరిన వేడిగాలిలోని తేమే మంచైంది. సబ్బునీళ్లతో రబ్బరు తుడిచాడు. లోపల నీళ్లు పోయే కన్నానికి కొత్తిమీర కాడ అడ్డుపడితే పుల్లతో తీసి, గోరువెచ్చని నీళ్లు పోశాడు. వెనక వేడి పోయేలా, గోడకు ఆనించిన ఫ్రిజ్‌ను జానెడు ముందుకు జరిపి ప్లగ్గు పెట్టాడు. సాయంత్రానికి లోపల పెట్టిన చెంబులో నీళ్లు చల్లబడ్డాయి.

"మంచిగైంది" అన్నాడు.

"అవ్" అని కళ్యాణి బియ్యం కడగడంలో పడింది. నవ్వలేదు.

దేవ్లా ఇక ఆగలేకపోయాడు. "రాజేష్‌తోని ఏం ముచ్చట్లు పెట్టి గంతగనం నవ్వుతవ్?"

ఆమె అతని వైపు చూసింది. "మా తండాల సోమ్లవ్వ తిట్లు చెప్తడు. మన మాటల చెప్తేనే నవ్వొస్తది. పిల్లల చదువు ఖరాబైతదని ఇంట్ల మన మాట బంద్ పెట్టినవ్. నాతోని గూడ బస్సుల టికెట్ అడిగినట్టే మాట్లాడ్తవ్."

ఆ రాత్రి దేవ్లా అన్నం దగ్గర కూర్చుని, నీళ్లిమ్మని తండా మాటలో అడగబోయాడు. ఏళ్ల తర్వాత మాట వంకరగా వచ్చింది. కళ్యాణి సరిచేసింది. మళ్లీ అన్నాడు. చెంబు అందించింది.

రాజేష్ మీద మంట మాత్రం ఆరలేదు. కొన్నాళ్లకు బజారులో అతను ఎదురుపడి, "అన్నా, ఫ్రిజ్ మంచిగ నడుస్తుందా?" అని అడిగాడు.

మంచిగానే ఉందనీ, అతను తమ ఇంటివైపు రానక్కర్లేదనీ దేవ్లా తండా మాటలోనే చెప్పి, తడబడకుండా పలికినందుకు తనలో తాను కాస్త గర్వపడుతూ డిపో వైపు నడిచాడు.